మిర్యాలగూడలో ఎక్కని అద్దం

మా అమ్మ ఎడమకంటికి శుక్లం తీసిన మర్నాడు, మిర్యాలగూడ కంటి దవాఖాన ముందు జామకాయల బండి నిలబడి ఉండకపోతే నేను ఇవాళ ఇది రాసేదాన్ని కాదు.

ఆ ఉదయం కట్టు విప్పి, మందు చుక్కలు వేసి, నల్ల కళ్ళద్దాలు పెట్టి పంపారు. డాక్టరమ్మ చెప్పే ప్రతి జాగ్రత్తకూ నేను తలూపుతున్నాను. అమ్మ మాత్రం ప్రతి జాగ్రత్తకూ బేరం పెట్టింది. వారం దాకా తలకు పోసుకోవద్దంటే, “నాలుగొద్దులకు పోసుకుంటె ఏమైతది?” అంది. వంగి పని చేయొద్దంటే, “కూసోని చేసుకుంట” అంది. చివరికి డాక్టరమ్మ ఆమె చేయి పట్టుకొని, “అమ్మా, దుమ్ము, పొగ, ఎదురుగాలి. వీటికి మాత్రం బేరం లేదు. మీకున్నది ఒక్క కన్నే” అంది.

అమ్మ బేరం అక్కడితో ఆగింది. కుడికన్ను నీటికాసులతో, అదే గ్లకోమాతో, పోయి చాలా ఏళ్ళయింది. మాకు తెలిసేసరికే అందులో వెలుగు లేదు. ఉన్న ఎడమకంటి మీదే ఆమె ఇన్నాళ్ళూ దుకాణం నడిపింది, బియ్యంలో రాళ్ళేరింది, చెల్లని నోటును చెల్లని నోటని పట్టుకుంది. ఇప్పుడు దానికే ఏమన్నా అయితే ఇక చీకటే.

అందుకే ఆమెను సూర్యాపేటలోని మా ఇంటికి తీసుకుపోకూడదని ముందే అనుకున్నాం. మా ఇల్లంటే ముందు కిరాణం, పక్కన కారం, పసుపు పట్టే గిర్ని, వెనక రెండు గదులు. మా ఇంటికి వచ్చిన చుట్టం నమస్కారం కన్నా ముందు తుమ్ముతాడు. దుకాణం మా ఆయనకు అప్పగించి, అమ్మను నేనే కారులో కోదాడలోని మా చెల్లె ఇంటికి చేర్చాలని ఏర్పాటు. చెల్లెది కాలనీలో ఇల్లు, కిటికీలకు జాలీలు, కారం డబ్బా కూడా మూతపెట్టి ఉంచే మనిషి.

అమ్మను వెనక సీట్లో ఎడమవైపు కూర్చోబెట్టి బండి తీశాను. గేటు దాటానో లేదో, “జామకాయల వాసనొస్తుంది. ఆపు” అంది.

“అమ్మా, డాక్టరమ్మ ఇప్పుడే కదనే చెప్పింది?”

“గాలి ఎక్కడున్నది? బండి ఆగే ఉన్నది గద. జర అద్దం దించు.”

నేను దించకముందే తన పక్కనున్న మీట తడుముకొని తనే సగం దించింది. చూపు మసకగా ఉన్నా బేరానికి చూపుతో పనేముంది? జామకాయను బొటనవేలితో నొక్కి, “ఇవి నిన్నటివి” అంది. జామకాయలమ్మే ఆమె, “ఇయ్యాల పొద్దుగాల తెంపినవమ్మా, నీ మీదొట్టు” అంది. “నా మీద ఎందుకు, నీ జామచెట్టు మీద పెట్టుకో ఒట్టు” అంది అమ్మ. బేరం కుదిరింది. కాయలు ఒళ్ళోకి వచ్చాయి. అమ్మ మీట పైకి నొక్కింది.

అద్దం లేవలేదు.

నా తలుపు దగ్గర నాలుగు అద్దాలకూ నాలుగు మీటలున్నాయి. అక్కణ్ణుంచి నొక్కాను. లేవలేదు. అసలు పనిచేస్తోందా లేదా చూద్దామని కిందికి నొక్కాను. బుద్ధిగా ఇంకో బెత్తెడు దిగింది. మళ్ళీ పైకి నొక్కాను. ఉలుకు లేదు, పలుకు లేదు. ఈసారి అమ్మ పక్కనున్న మీట నొక్కి చూద్దామనుకున్నాను, అక్కడా కిందికి నొక్కితే దిగింది. పరీక్ష చేసిన కొద్దీ పరిస్థితి దిగజారడం అంటే ఏమిటో ఆ పూట కళ్ళారా చూశాను. సగం తెరిచిన కిటికీని నా తెలివితో మొత్తం తెరిచాను.

ఫ్యూజు పోయిందేమోనని స్టీరింగ్ కింద మూత తీసి ఒకదాన్ని పీకాను. రేడియో ఆగింది. దాన్ని పెట్టి ఇంకోటి పీకబోతుంటే అమ్మ, “కిందికి పోతున్నది గద, కరెంటు లేకుంటె కిందికెట్ల పోతది?” అంది. నాకూ ఆ సంగతి తెలుసని, ఊరికే చూస్తున్నానని చెప్పాను. తలుపు సందులోకి వేళ్ళు పోనిచ్చి అద్దాన్ని పట్టి లాగుదామంటే పట్టుకోవడానికి అంచు కూడా పైకి కనిపించడం లేదు.

అది కోతల కాలం. మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు. వాటి గొట్టాల నుంచి కాలిన ఊక నల్లటి నుసిగా ఎగిరివచ్చి ఆరేసిన బట్టల మీద వాలుతుంది, పాలగిన్నెలో వాలుతుంది. కోదాడ దాకా దారి పొడుగునా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. గడ్డిమోపుల ట్రాక్టర్లు, ధాన్యం లారీలు. ఈ దారిన తెరిచిన కిటికీతో పోవడమంటే కారానికి బదులు ఊక బూడిద గిర్నిలో కూర్చోబెట్టినట్టే. కుడివైపుకు జరిపి కూర్చోబెట్టినా, ముందుకు తెచ్చినా బండి కదిలితే గాలి లోపలంతా సుడి తిరుగుతుంది. కిరాయి బండికి ఫోన్ చేస్తే పెళ్ళిళ్ళ రోజులు, సాయంత్రం దాకా ఒక్కటీ లేదన్నారు. దవాఖానలో మంచం అప్పుడే ఇంకొకరికి ఇచ్చారు.

పక్క మందుల దుకాణంలో టేపు, పెద్ద ప్లాస్టిక్ సంచి కొని కిటికీకి అతికించాను. పది గజాలు పోయేసరికి అది ఊపిరి పీల్చినట్టు లోపలికీ బయటికీ కొట్టుకుంది. ఇంకో పది గజాలకు ఒక మూల ఊడి టపటప మంది. అమ్మ, “ఇదేంది, కోళ్ళ బండి ఎక్కించినవా నన్ను?” అంది. ఆ మాటకు నవ్వాను కానీ అద్దంలో వెనక్కి చూస్తే ఆమె రెండు అరచేతులూ కళ్ళద్దాల పక్కన అడ్డం పెట్టుకొని ఉంది. నడక వేగానికి తగ్గించాను.

ఊరి చివర కార్ల కరెంటు పనులు చేసే దుకాణం ఒకటి కనిపించింది. తెరిచిన కిటికీ గోడవైపు వచ్చేలా, తలుపు తెరుచుకునేంత సందు వదిలి బండి నిలిపాను. అమ్మను లోపల కూర్చోబెడదామంటే అక్కడ వరసగా బ్యాటరీలు చార్జింగుకు పెట్టి ఉన్నాయి, ఘాటు వాసన. వద్దనుకొని ముందు సీట్లోకి మార్చి, ఉతికిన తువ్వాలు నెత్తి మీద నుంచి మొహం నిండా కప్పాను. కొత్త పెళ్ళికూతురిలా కూర్చుంది.

మెకానిక్కు నలభై ఏళ్ళుంటాయి. చేతిలో చాయ గ్లాసు. మీట నొక్కి, తలుపుకు చెవి ఆనించి విన్నాడు. తర్వాత గ్లాసు ఖాళీ చేసి, తీర్పు చెప్పాడు.

“మోటర్ పోయిందక్కా.”

“కిందికి దిగుతుంది కదా తమ్మీ?”

“దిగుడు అల్కగ ఉంటది. ఎక్కుడు బరువు. మోటర్ కమ్జోర్ అయితె గిట్లనే దిగుతది, ఎక్కదు. మనమైనా అంతే గద? మెట్లు దిగుతం, ఎక్కేటప్పుడు మోకాళ్ళు పట్టుకుంటం.”

పోలిక బాగుంది. నేను పడిపోయాను. పడిపోయి, పుట్టిన దగ్గర్నుంచి వచ్చిన పని మొదలుపెట్టాను. మోటరు ధర చెప్పాడు. ఆ మాట వినగానే నేను నవ్వాను. అది మా ఇంటి నవ్వు, ధర విన్నవాళ్ళు కాదు చెప్పినవాళ్ళు సిగ్గుపడాలన్నట్టు ఉంటుంది. సూర్యాపేటలో మాకు తెలిసినచోట ఇంతకే దొరుకుతుందన్నాను. అలాంటి చోటు మాకేదీ తెలియదు. అతను కొంచెం దిగాడు. నేను వెళ్ళిపోతున్నట్టు కారు తాళం చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడికి పోతాను, కిటికీ లేని కారులో? అయినా అతను ఇంకొంచెం దిగాడు. ఆఖరికి బిగించే కూలి కూడా అందులోనే కలిపి ఒప్పించాను. గెలిచిన సంతోషంలో, “ఐతే తొందరగా బిగించు తమ్మీ” అన్నాను.

“గీడ లేదక్కా మోటరు. తెప్పియ్యాలె. రేపు పొద్దుగాల వస్తది.”

అంత గొప్ప బేరం నా చేతిలో చల్లారిన బజ్జీలా ఉండిపోయింది.

అప్పుడు తువ్వాలు కింద నుంచి గొంతు వినిపించింది. “బేరం మంచిగనే చేసినవ్ బిడ్డా. సరుకు మనకు కావాల్నా వద్దా అని అడిగినవా?”

“అమ్మా, ఆయన రోజూ చేసే పనే కదా.”

“నేను గూడ రోజు తూకమేసే పనే చేసిన. కాంటా ఒక దిక్కు మొగ్గితే మీ నాయిన ఏం చేస్తుండె? పొయ్యి కొత్త కాంటా కొంటుండెనా?”

నాన్న పళ్ళాలు మార్చి చూసేవాడు. తూకం తేడా వస్తే కుడి పళ్ళెం ఎడమకు, ఎడమది కుడికి వేసేవాడు. మొగ్గు కూడా పళ్ళెంతోపాటే అటు పోతే తప్పు పళ్ళెంలో ఉన్నట్టు. మొగ్గు ఉన్నచోటే ఉంటే తప్పు పళ్ళాలు వేలాడే కాడిలో. అంతవరకూ ఎవరినీ ఏమీ అనేవాడు కాదు, కాంటాను కూడా.

“తమ్మీ,” అన్నాను, “కుడివైపు వెనక మీట బాగానే పనిచేస్తుంది. దాన్ని తీసి ఈ తలుపుకు పెట్టి చూద్దామా?”

అతను నావైపు కాకుండా తువ్వాలువైపు చూశాడు. “పెద్దమ్మ ఇంజనీరా ఏంది?”

“కిరాణం” అంది అమ్మ.

“అయితె ఇగ తప్పదు” అని స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

కుడి మీటను ఎడమకు పెట్టాడు. అద్దం లేవలేదు. ఎడమ మీటను కుడికి పెట్టాడు. కుడి అద్దం చక్కగా దిగింది, చక్కగా ఎక్కింది. అది ఎక్కాక గాని నాకు తట్టలేదు, ఆ కుడిది కూడా దిగి ఎక్కకపోతే నా బతుకేమయ్యేదో అని. ఏమైతేనేం, మీట నిర్దోషి అని తేలింది.

“అనలే నేను? మోటరే” అన్నాడతను.

“మోటరును కూడా మార్చి చూద్దాం.”

“ఆ తలుపు మోటరు ఈ తలుపుకు రాదక్కా, ఉల్టా ఉంటది. గని...” అని ఆగాడు. ఒక నిమిషం మెడ గోక్కున్నాడు. “మీటలన్ని పక్కకు పెట్టి బ్యాటరీ నుంచి సీదా కరెంటు ఇస్తే తెలుస్తది. వైర్లు అటుదిటు చేస్తె దిగేది ఎక్కాలె.”

తలుపు లోపలి అట్ట విప్పాడు. నుసి, ఒక బిస్కెట్ కాగితం, ఎప్పుడో పోయిందనుకున్న నా జడపిన్ను బయటపడ్డాయి. మోటరు ప్లగ్గు ఊడదీసి, బ్యాటరీ నుంచి రెండు పొడుగాటి వైర్లు తెచ్చి ఆనించాడు. తలుపు కడుపులో గుర్రుమంది కానీ అద్దం కిందికే పోబోయింది, పోవడానికి చోటు లేక టక్కుమంది. నేను అమ్మ భుజం మీద చేయి వేశాను, ఆమెకు ధైర్యం చెప్పడానికో నేను తెచ్చుకోవడానికో తెలియదు. అతను వైర్లు అటుదిటు మార్చి పట్టుకున్నాడు.

అద్దం అంచు సందులోంచి లేచింది. దుమ్ము పట్టిన రబ్బరుకు రాసుకుంటూ కీచుమంటూ, ఒకచోట తడబడి, మళ్ళీ ఎక్కింది. “అరచేత్తో సాయం పట్టక్కా” అంటే రెండు చేతులూ ఆనించి తోశాను. పైన రబ్బరులోకి దిగబడి, మెత్తగా మూసుకుంది.

నేను అక్కడే రోడ్డు పక్కన కూలబడ్డాను. అంత హాయిగా ఏ పరుపు మీదా కూర్చోలేదు.

“ఎక్కిందా?” అంది అమ్మ.

“ఎక్కింది పెద్దమ్మా. మోటర్ గుర్రం లెక్క ఉన్నది” అన్నాడు మెకానిక్కు. నిన్నటి దాకా ఆ మోటరును తనే మోసుకు తిరిగినంత గర్వంగా చెప్పాడు. “ఇగ మిగిలింది డ్రైవర్ తలుపు కాడి మీట. అన్ని అద్దాల కరెంటు గాడికెళ్ళే తిరిగొస్తది. అండ్లనే ఏదో పట్టుకున్నది. ఇప్పుడు విప్పాల్నా?”

“వద్దు” అన్నాను. అమ్మా అదే మాట అదే క్షణంలో అంది. ఎక్కిన అద్దాన్ని పరీక్ష చేసే కోరిక మా ఇద్దరిలో ఎవరికీ మిగల్లేదు. ఎవరు ఏ మీట నొక్కినా దిగకుండా మోటరు ప్లగ్గు ఊడదీసి ఉంచమన్నాను. అతను అట్ట బిగించి, చేసిన పనికి కూలి చెప్పాడు. నేను నవ్వలేదు. అడిగింది చేతిలో పెట్టాను. అమ్మ తువ్వాలు కింద నుంచి, “జ్వరమొచ్చిందానే నీకు?” అంది.

తర్వాతి దారంతా నాకు పండుగలా ఉంది. మిల్లుల దగ్గర నల్లటి నుసి గాల్లో తేలుతోంది, వచ్చి ఎడమ అద్దం మీద వాలుతోంది, బయటే. నేరేడుచర్ల దాటాక ఆడవాళ్ళు రోడ్డు మీద వడ్లు కాళ్ళతో సాళ్ళు తీస్తున్నారు. పాలకీడు వైపు నుంచి వచ్చిన గడ్డి ట్రాక్టరు వెనక చాలాసేపు పోవాల్సి వచ్చింది, దాటడానికి చోటు లేదు. గడ్డిపరకలు ముందు అద్దానికి కొట్టుకుంటుంటే మామూలుగా అయితే హారన్ మీద నుంచి చేయి తీసేదాన్ని కాదు. ఆ పూట, కొట్టుకోనీ పాపం, అనుకున్నాను. మళ్ళీ వెనక సీట్లో తన చోటికే చేరిన అమ్మ తువ్వాలు దించి, అద్దానికి అరచెయ్యి ఆనించి పెట్టుకుంది.

“చల్లగున్నది” అంది కొద్దిసేపటికి. హుజూర్‌నగర్ వచ్చేసరికి అలాగే నిద్రపోయింది.

కోదాడలో చెల్లె గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆంధ్ర సరిహద్దు కదా, ఆమెది ఇప్పుడు సగం కోదాడ మాట. “ఇంత లేటయిందేంటే? కన్ను ఎర్రబడలేదు కదా? ఏదీ, చూడనివ్వు” అంటూ అమ్మను లోపలికి తీసుకుపోయి, చేతులు కడుక్కొని, కళ్ళద్దాలు తీసి చూసింది. నేను ఆమె భుజం మీద నుంచి తొంగిచూశాను. ఎరుపు లేదు. నీరు కారడం లేదు. చుక్కలు వేశాం. చెల్లె పెట్టిన పప్పుచారు అన్నం నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

మర్నాడు పొద్దున తీరిగ్గా నా తలుపు మీటల పెట్టె విప్పి చెల్లె వాళ్ళ బల్ల మీద పెట్టాను. మూత తీయగానే నవ్వొచ్చింది. లోపలి రాగి రేకుల మీద పసుపు, కుంకుమ కలిసి గట్టిపడి, పాత గోడ సున్నంలా పెచ్చులు కట్టి ఉంది. సరిగ్గా ఎడమ వెనక అద్దం ఎక్కే వైపున.

దసరాకు మా ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకూ బొట్టు పెడతాం. కాంటాకు, తూకం రాళ్ళకు, గల్లాపెట్టెకు, గిర్ని స్విచ్చుకు. కారుకు వచ్చేసరికి అందరూ ముందు బానెట్టుకు పెడతారు. అమ్మ లెక్క వేరు. చెయ్యి ఎక్కడ పడితే పని అవుతుందో అక్కడ పెట్టాలి. స్టీరింగుకు పెట్టింది, గేరుకు పెట్టింది, నాలుగు మీటలకూ తడి పసుపు రాసి కుంకుమ దిద్దింది. మర్నాడు నేను చేతికి అంటుతోందని తడిబట్టతో గట్టిగా తుడిచాను. పైనున్నది పోయింది. మిగతాది నేనే నొక్కి లోపలికి పంపించానన్నమాట.

“ఏమున్నది లోపల?” అంది అమ్మ మంచం మీద నుంచి.

“పసుపు, కుంకుమ” అన్నాను.

అమ్మ లేచి కూర్చుంది. “చూసినవా మరి. బొట్టు పెట్టినందుకే దవాఖాన ముంగటనే ఆగింది. లేకుంటె నడి తొవ్వల ఆగుతుండె.”

“బొట్టు పెట్టినందుకే ఆగిందమ్మా!”

“అదే అంటున్న గద.”

చెల్లె వంటింట్లో పడీపడీ నవ్వుతోంది. నేను రేకులను గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, తుడిచి, ఆరబెట్టి బిగించాను. తలుపు అట్ట విప్పి మోటరు ప్లగ్గు తగిలించి, దేవుణ్ణి తలుచుకొని కిందికి నొక్కాను. దిగింది. పైకి నొక్కాను. ఎక్కింది. ఇంకోసారి చూద్దామా అని వేలు పోయింది కానీ మనసు ఒప్పుకోలేదు. చాలు.

వారం తర్వాత మళ్ళీ మిర్యాలగూడ. డాక్టరమ్మ దీపం వేసి చూసి, గాయం చక్కగా మానుతోందంది. ఆ మాట విన్నాక గాని నా భుజాలు కిందికి దిగలేదు. తర్వాత గోడకున్న అక్షరాల పట్టిక చదవమంది. అమ్మ కుడికన్ను మూసుకోవలసిన అవసరం లేదు కదా, నిటారుగా కూర్చొని మొదలుపెట్టింది. పెద్ద అక్షరాలు, వాటి కింద చిన్నవి, ఇంకా చిన్నవి. ఎక్కడా తడుముకోలేదు.

“చాలమ్మా, బాగా కనిపిస్తోంది” అంది డాక్టరమ్మ రాసుకుంటూ.

“కింద ఇంకో వరుస ఉన్నట్టున్నది గద?”

“అది చాలా చిన్నదమ్మా. ఈ వయసుకు అవసరం లేదు.”

“తూకం అయినంక గుప్పెడు కొసరు ఎయ్యకుంటె గిరాకి మల్ల వస్తడా డాక్టరమ్మా? అది గూడ అడుగు.”

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. అమ్మ మెడ ముందుకు చాచబోయి, వద్దన్నారని గుర్తొచ్చి వెనక్కి ఆనుకుంది. మొదటి అక్షరం చెప్పింది. రెండోది చెప్పింది. మూడోదాని దగ్గర ఆగింది.

“‘య’నో ‘మ’నో...”

నేను ఆమె వెనక నిలబడి ఉన్నాను. నాకు కనిపిస్తోంది. పెదవి కదపలేదు.

“‘మ’” అంది అమ్మ.

‘మ’నే.